మౌనం అర్ధాంగీకారమేనా?

మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దలు. పెళ్ళి మాటల దగ్గర ఈ సామెత ఎక్కువగా వినిపిస్తుంది. తల వంచుకొని కూర్చున్న ఆడపిల్ల పెదవి విప్పకపోతే, 'మౌనం అర్ధాంగీకారం, ఇక తేదీ చూసుకోండి' అని పక్కనున్న బాబాయి తేల్చేస్తాడు. ఆ పిల్ల మనసులో ఏముందో ఎవరూ అడగరు. మిగిలిన సగం అంగీకారం ఏమయిందని కూడా ఎవరూ అడగరు.

ఈ సామెత పెళ్ళివారి ఇల్లు దాటి ఆఫీసు గదిలోకి కూడా వచ్చింది. మన విచారణల్లోని కుటుంబాలలో ఉపాధ్యాయులున్నారు, నర్సులున్నారు, బ్యాంకు గుమాస్తాలున్నారు, ఫ్యాక్టరీ కార్మికులున్నారు, కంప్యూటరు కంపెనీలలో పనిచేసే యువతీ యువకులున్నారు, పొదుపు సంఘాలు నడిపే అక్కచెల్లెళ్ళున్నారు. వీరందరికీ మీటింగులు తప్పవు. మీటింగు ఎలా నడుస్తుందో కూడా అందరికీ తెలిసిందే. పెద్దాయన ముందుగా తన అభిప్రాయం చెబుతారు. ఆయనకు దగ్గరివారు ఇద్దరు అవునంటారు. 'ఎవరికైనా అభ్యంతరమా?' అని ఒక ప్రశ్న వస్తుంది. ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినపడదు. మినిట్స్ పుస్తకంలో 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని రాస్తారు. సంతకాలవుతాయి, టీ వస్తుంది. టీ గ్లాసులు పట్టుకొని వరండాలోకి వచ్చాక అసలు మీటింగు మొదలవుతుంది. 'ఇది జరిగే పనేనా?' అని ఒకరు, 'నాకు ముందే తెలుసు' అని మరొకరు. 'మరి లోపల చెప్పలేదేం?' అని ఎవరైనా అడిగితే మాత్రం జవాబు ఉండదు.

ప్రియ పాఠకులారా, ఈ వారం ఆ ప్రశ్ననే తీసుకుందాం. తెలిసిన సంగతి లోపల ఎందుకు చెప్పలేదు? చెప్పకపోవడం తప్పా? తప్పయితే అది నోరు మూసుకున్నవారిదా, నోరు తెరవనివ్వని వారిదా? చాలా మీటింగులలో పోయేది కొంత డబ్బు, కొంత సమయం. కాబట్టి ఇదంత పెద్ద విషయం కాదనిపించవచ్చు. కాని కొన్ని మీటింగులలో ప్రాణాలు పోతాయి. అటువంటిదొకటి ముందు చూద్దాం.

ఒక రాత్రి జరిగిన టెలిఫోను మీటింగు

1986 జనవరి 27వ తేదీ రాత్రి. అమెరికాలో మూడు చోట్లనున్న ముప్పైమందికి పైగా టెలిఫోను లైను మీద కలుసుకొని మీటింగు జరిపారు. కొందరు ఫ్లోరిడాలోని ప్రయోగ కేంద్రంలో, కొందరు అలబామాలోని నాసా కేంద్రంలో, మిగిలినవారు యూటాలోని మోర్టన్ థియోకోల్ కంపెనీలో ఉన్నారు. మర్నాడు ఉదయం ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక ఏడుగురితో బయలుదేరవలసి ఉంది. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అనే బడి పంతులమ్మ కూడా ఉన్నారు.

నౌకను పైకి లేపే రాకెట్లను తయారుచేసింది థియోకోల్ కంపెనీ. ఆ రాకెట్ల భాగాలు ఒకదానితో ఒకటి కలిసేచోట లోపలి మండే వాయువులు బయటికి తన్నుకు రాకుండా రబ్బరు వలయాలు ఉంటాయి. మన ప్రెషర్ కుక్కరు మూతకు ఉండే రబ్బరు ఏ పని చేస్తుందో ఇవీ ఆ పనే చేస్తాయి. చలికి రబ్బరు బిగుసుకుపోతే సందును వెంటనే మూయలేదు. ఆ రాత్రి ఫ్లోరిడాలో ఆ ప్రాంతానికి అలవాటులేని చలి.

రోజర్ బోయిస్జోలీ, ఆర్నీ థాంప్సన్ అనే ఇంజనీర్లు తమ దగ్గరున్న వివరాలన్నీ ముందు పెట్టారు. 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో ఎగురవేయవద్దని కంపెనీ తరఫున స్పష్టంగానే చెప్పారు. నాసా అధికారులకు ఆ మాట రుచించలేదు. ఇలాంటి సలహా విని నివ్వెరపోయానని ఒకరన్నారు. అయితే ఏప్రిల్ దాకా ఆగమంటారా అని మరొకరు నిలదీశారు. కంపెనీవారు తమలో తాము మాట్లాడుకోవడానికి అయిదు నిమిషాలు అడిగారు. ఆ అయిదు నిమిషాలు సుమారు అరగంట అయింది.

ఆ అరగంటలో జరిగింది గమనించాలి. అక్కడున్న కంపెనీవారిలో అందరికంటే పెద్ద అధికారి, ఇంజనీర్లకు పెద్ద అయిన రాబర్ట్ లుండ్ వైపు తిరిగి, ఇంజనీరు టోపీ తీసేసి మేనేజరు టోపీ పెట్టుకొమ్మన్నారు. ఆ తరువాత నలుగురు పెద్దల అభిప్రాయం మాత్రమే అడిగారు. ఇంజనీర్లిద్దరూ లేచి వెళ్ళి, కాగితాలు చూపించి మరోసారి చెప్పబోయారు. వినేవారు లేరని గ్రహించి వెనక్కి వచ్చి కూర్చున్నారు. మళ్ళీ లైను కలిసింది. ఎగురవేయవచ్చని కంపెనీ చెప్పింది. ఎవరికైనా వేరే అభిప్రాయం ఉందా అని నాసా అధికారి అడిగారు. మూడు చోట్లా ఎవరూ పలకలేదు.

మర్నాడు ఉదయం 11 గంటల 38 నిమిషాలకు ఛాలెంజర్ లేచింది. అప్పుడు అక్కడి వేడి సుమారు 2 డిగ్రీలు. 73 సెకన్లలో నౌక ఆకాశంలోనే ముక్కలైంది. ఏడుగురూ మరణించారు.

విచారణ జరిపిన రోజర్స్ కమిషను అదే సంవత్సరం జూన్ నెలలో నివేదిక ఇచ్చింది. రబ్బరు వలయాల లోపంతోపాటు, నిర్ణయం తీసుకున్న పద్ధతిలోనే లోపం ఉందని అందులో చెప్పింది. ఆ రాత్రి ఇంత చర్చ జరిగిందన్న సంగతే తుది అనుమతి ఇచ్చే పై అధికారుల దాకా చేరలేదు. ఇంకొక తలకిందుల వ్యవహారం కూడా బయటపడింది. మామూలుగా ఇంజనీర్లను అడిగేది 'ఇది క్షేమమని రుజువు చేయండి' అని. ఆ రాత్రి అడిగింది 'ఇది ప్రమాదమని రుజువు చేయండి' అని. ప్రమాదం జరగకముందే ప్రమాదాన్ని రుజువు చేయడం ఎవరి తరం?

వాళ్ళకు తెలియక ఈ ఘోరం జరగలేదన్నది ఇక్కడ మనం గుర్తుంచుకోవలసిన మాట. తెలిసినవారు ఉన్నారు, చెప్పారు కూడా. బల్లకు ఆ చివరన ఉన్న నిజం ఈ చివరకు రాలేకపోయింది.

నోరు ఎందుకు పెగలదు?

మనుషులు పిరికివాళ్ళు కనుక మాట్లాడరని అనుకోవడం తేలిక. సంగతి అంత తేలిక కాదు. సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో ప్రకటించిన ఒక పరీక్ష ఉంది. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతలలో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నారు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగిన ప్రశ్న. కాని గదిలో ఉన్నవారిలో ఒక్కరే నిజంగా పరీక్షకు వచ్చినవారు. మిగిలినవారంతా ముందుగా అనుకొని తప్పు జవాబు చెప్పేవారు. ఆ ఒక్క మనిషి కళ్ళకు నిజం కనబడుతూనే ఉంటుంది, చెవులకు మాత్రం అందరి నోటా అబద్ధం వినపడుతుంది. అలా ఇరుక్కున్నప్పుడు ఇచ్చిన జవాబులలో సుమారు మూడో వంతు గుంపు వైపే పోయాయి.

ఇదే పరీక్షలో మరి రెండు సంగతులు తేలాయి. గుంపులో ఒక్కరు, ఒకే ఒక్కరు నిజం చెబితే చాలు, గుంపుతో పోయే తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. అలాగే, పైకి చెప్పమనకుండా కాగితం మీద రాయమన్నప్పుడు కూడా తప్పులు బాగా తగ్గాయి. అంటే మనిషికి నిజమంటే లెక్క లేక కాదు, ఒంటరి అవుతానన్న భయం. పక్కన ఒక తోడు దొరికితే అదే మనిషి నిలబడతాడు.

ఇక భయం లేనిచోట కూడా మరో చిక్కు ఉంది. స్టాసర్, టైటస్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో దీన్ని చూపించారు. నలుగురు కూర్చుంటే, అందరికీ తెలిసిన సంగతుల గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు. ఒక్కరికే తెలిసిన సంగతి చర్చకు రావడం తక్కువ. మన ఊళ్ళ లెక్కలో చెప్పుకుందాం. ఒక బడికి పెద్ద బస్సు కొనాలని మీటింగు పెట్టారనుకోండి. బస్సు ధర అందరికీ తెలుసు కనుక రెండు గంటలసేపు ధర గురించే మాట్లాడతారు. వాగు మీదున్న పాత వంతెన ఆ బరువు ఓర్వదన్న సంగతి రోజూ అటు వెళ్ళే డ్రైవరు ఒక్కడికే తెలుసు. డ్రైవరును మీటింగుకు పిలవరు. పిలిచినా గుమ్మం దగ్గరే నిలబెడతారు.

మరి తప్పు ఎవరిది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. చేసిన పాపమే కాదు, చేయవలసిన మంచి చేయకపోవడమూ పాపమేనని మనం చిన్ననాటి నుండి నేర్చుకున్నదే. ఈ లెక్కన తెలిసీ మౌనంగా ఉండడానికి కూడా మన దగ్గర లెక్క అడుగుతారు. 'నిర్ణయం అందరిదీ, నాదొక్కడిదే కాదుగదా' అన్న సమాధానం చెల్లదు. బరువును పదిమంది మోస్తే ఒక్కొక్కరికి పదో వంతు వస్తుంది. తప్పును పదిమంది కలిసి చేస్తే అలా పంచుకోవడం కుదరదు. పిలాతు నీళ్ళు తెప్పించి చేతులు కడుక్కున్నాడు. గుంపు అడిగింది కనుక ఇచ్చానన్నాడు. ఇన్ని శతాబ్దాలైనా ఆ చేతులు శుభ్రమయ్యాయని ఎవరూ అనలేదు.

అయితే నోరు తెరవనివారందరినీ ఒకే తక్కెడలో తూచడం కూడా న్యాయం కాదు. నెల జీతం మీద ఇల్లు నడిపేవాడు, ఇద్దరు పిల్లల ఫీజులు కట్టవలసినవాడు, అప్పు వాయిదా నెత్తిమీద ఉన్నవాడు మేనేజరు మాటకు ఎదురు చెప్పాలంటే ఎంత ఆలోచించాలో అనుభవించినవారికి తెలుస్తుంది. ప్రతి మాటకూ ఒక ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు నిర్ణయించేది మాట్లాడేవాడు కాదు, పెద్ద కుర్చీలో కూర్చున్నవాడు. చెడు కబురు తెచ్చినవాడి మీద విసుక్కుంటే ఖరీదు పెరుగుతుంది. పోయినసారి అడ్డు చెప్పినవాడిని దూరపు బ్రాంచికి బదిలీ చేస్తే ఇంకా పెరుగుతుంది. అలా పెంచినవాడే చివరకు 'నాకు ఎవరూ చెప్పలేదే' అంటే ఆ మాట ఎలా ఒప్పుకోవడం?

అందువల్ల మౌనానికి ఇద్దరు బాధ్యులు. పాటించినవాడు ఒకడు, పెంచి పోషించినవాడు మరొకడు. మనం సాధారణంగా మొదటివాడినే నిందిస్తాం. రెండవవాడి పాలు ఎక్కువ. దిద్దుబాటు కూడా అక్కడినుండే మొదలు కావాలి.

ఛాలెంజర్ కథలో బాబ్ ఎబెలింగ్ అనే మరొక ఇంజనీరు ఉన్నారు. ఆ రోజు మొదట హెచ్చరిక చేసినవారిలో ఆయన ఒకరు. అంతకు కొన్ని నెలల ముందే సహాయం చేయండి అంటూ పైవారికి మెమో పంపినవారు. అయినా, నిజాన్ని గట్టిగా నిలబెట్టలేకపోయానన్న బాధను 30 సంవత్సరాలు మోశారు. ఆ పనికి దేవుడు తనను ఎన్నుకోకుండా ఉండవలసిందని 2016లో రేడియోలో చెప్పుకున్నారు. అది విన్న వందలాదిమంది ఆయనకు ఉత్తరాలు రాసి ఓదార్చారు. అదే సంవత్సరం, 89 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. చెప్పినవాడు ఇంత బాధపడ్డాడు. వినవలసిన స్థానంలో ఉండి వినని వారి మీద ఎంత బరువు ఉండాలి? ఆ బరువును మనకు మనం అంటగట్టుకోకుండా ఉండాలంటే మీటింగులో ఏమి చేయాలి?

పెద్ద కుర్చీ వంతు

సుమారు 1500 సంవత్సరాల క్రితం పునీత బెనెడిక్టు గారు తన మఠవాసులకు రాసిన నియమావళిలో మూడవ అధ్యాయం సరిగ్గా ఈ విషయం గురించే. ముఖ్యమైన పని వచ్చినప్పుడు మఠాధిపతి పెద్దలనే కాక అందరినీ పిలవాలి, విషయం తానే వివరించాలి, అందరి సలహా వినాలి, ఆ తరువాత తానే ఆలోచించి నిర్ణయించాలి. అందరినీ ఎందుకు పిలవాలో కూడా ఆయన చెప్పారు. మేలైనదేదో ప్రభువు తరచుగా చిన్నవారికి తెలియజేస్తాడట. గమనించండి, బెనెడిక్టు గారు ఓట్లు లెక్కపెట్టమనలేదు. నిర్ణయం పెద్దదే. కాని వినకుండా నిర్ణయించే హక్కు ఆ పెద్దకు ఇవ్వలేదు.

పూర్వపు యూదుల న్యాయసభల గురించి వారి మిష్నా గ్రంథం చెప్పే పద్ధతి కూడా ఇటువంటిదే. మామూలు వ్యాజ్యాలలో పెద్ద న్యాయమూర్తి ముందు మాట్లాడవచ్చు. మరణశిక్ష వచ్చే కేసులో మాత్రం చివరన కూర్చున్నవారితో, అంటే చిన్నవారితో మొదలుపెట్టాలి. పెద్దాయన ముందే చెప్పేస్తే చిన్నవారు ఆయనకు ఎదురు చెప్పలేరు. ప్రాణం పోయే విషయంలో ఆ మొహమాటానికి తావు ఇవ్వకూడదని వారి ఉద్దేశం.

కొత్త కాలంలోనూ దీనికి దాఖలా ఉంది. 1961 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ, క్యూబా మీదికి సుమారు 1400 మంది ప్రవాసులను పంపే పథకానికి ఒప్పుకొని ఘోరంగా దెబ్బతిన్నారు. ఆ పథకం మీద అనుమానం ఉండి కూడా ఆ మీటింగులలో గట్టిగా అడ్డు చెప్పలేదని సలహాదారు ఆర్థర్ ష్లెసింజర్ తరువాత బాధపడుతూ రాసుకున్నారు. 1962 అక్టోబరులో అదే క్యూబాలో సోవియట్ క్షిపణులు కనబడ్డాయి. అణుయుద్ధం అంచుదాకా వచ్చిన ఆ 13 రోజులలో కెనెడీ పద్ధతి మార్చుకున్నారు. తాను ఉంటే మనుషులు మనసు విప్పరని కొన్ని మీటింగులకు వెళ్ళలేదు. ప్రతి ప్రతిపాదనలోనూ లోపాలు వెతకడం తమ్ముడు రాబర్ట్ కెనెడీ, సలహాదారు సోరెన్సెన్ పని. వెంటనే బాంబులు వేయాలన్న మొదటి ఆలోచన చర్చలో నిలవలేదు. యుద్ధం తప్పింది. ఏడాదిన్నర తేడాలో ఆ గదిలోని మనుషులు పూర్తిగా మారిపోలేదు, మీటింగు నడిపిన తీరు మారింది.

కాబట్టి మీరు ప్రధానోపాధ్యాయులైనా, మేనేజరైనా, సంఘం అధ్యక్షురాలైనా, విచారణ సలహా సంఘంలో పెద్దలైనా, ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. మీ అభిప్రాయం చివర చెప్పండి. చిన్నవారిని ముందు అడగండి. ముఖ్యమైన విషయమైతే చర్చకు ముందే తలా ఒక కాగితం ఇచ్చి రెండు వాక్యాలు రాయమనండి. ఆ పని స్వయంగా చేసేవారిని, ఆ డ్రైవరును, ఆ ఆయాను, కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగండి. 'ఎవరికైనా అభ్యంతరమా?' అన్న ప్రశ్న మానేయండి. దానికి మౌనమే జవాబుగా వస్తుంది. దానికి బదులు గ్యారీ క్లయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఒకటి ఉంది. 'ఏడాది గడిచింది, ఈ పని పూర్తిగా చెడిపోయింది అనుకుందాం. ఎందుకు చెడిపోయి ఉంటుందో ఒక్కొక్కరు చెప్పండి' అని అడగాలి. అప్పుడు లోపం చూపించడం ఎదురు తిరగడం కాదు, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం అవుతుంది. మొహమాటస్తుడు కూడా నోరు విప్పుతాడు.

మౌనం సగం అంగీకారమే అయితే, మిగిలిన సగం అడిగి తెలుసుకోవలసింది పెద్దలే.

సైతాను తరఫు వకీలు

ఎదురు మాటకు గౌరవమైన చోటు ఇవ్వడం తిరుసభకు కొత్త కాదు. ఒకరికి పునీత పట్టం ఇవ్వాలన్నప్పుడు, ఆ వ్యక్తి జీవితంలో లోపాలు వెతికి, అద్భుతాలను అనుమానించి వాదించడానికే ఒక అధికారి ఉండేవారు. ఐదవ సిక్స్తుస్ పోపుగారు 1587లో ఆ పదవిని ఏర్పాటు చేశారు. జనం ఆయనకు పెట్టిన పేరు సైతాను తరఫు వకీలు. పేరు అలా ఉన్నా ఆయన చేసింది సత్యం తరఫు పనే. 1983లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఈ విధానాన్ని మార్చి ఆ పదవి పాత్రను బాగా తగ్గించారు. అయినా ఎదురు సాక్ష్యం వినడం ఆగలేదు. మదర్ తెరెసా గారిని ధన్యురాలిగా ప్రకటించే ముందు, ఆమెను తీవ్రంగా విమర్శించిన రచయిత క్రిస్టఫర్ హిచెన్స్‌ను పిలిచి ఆయన సాక్ష్యం కూడా తీసుకున్నారు. ఆమె 2003లో ధన్యురాలు, 2016లో పునీతురాలు అయ్యారు. విమర్శ విన్నందువల్ల ఆమె గౌరవం తగ్గలేదు.

మన మీటింగులలో కూడా ఒకరికి ఆ పని అప్పగించవచ్చు. అయితే ఒక జాగ్రత్త ఉంది. షార్లాన్ నెమెత్ అనే పరిశోధకురాలు చూపినట్టు, పాత్ర వేసినట్టు ఎదురు చెప్పేవాడికంటే నిజంగా నమ్మి ఎదురు చెప్పేవాడివల్లే మిగిలినవారి ఆలోచన ఎక్కువగా పదునెక్కుతుంది. వకీలును నియమించాం కదా అని, నిజంగా అనుమానం ఉన్నవారిని మరిచిపోకూడదు.

చివరి కుర్చీ వంతు

పెద్దల బాధ్యత ఎక్కువన్నాం కదా అని చిన్నవారి బాధ్యత తీరిపోదు. 1983 నాటి తిరుసభ చట్టం 127వ నిబంధన ప్రకారం, ఎవరి సమ్మతి గాని సలహా గాని అడగవలసి ఉందో వారు తమ అభిప్రాయాన్ని చిత్తశుద్ధితో చెప్పి తీరాలి. చెప్పడం హక్కు మాత్రమే కాదు, విధి కూడా. మనల్ని కుర్చీలో కూర్చోబెట్టింది తల ఊపడానికి కాదు.

ఛాలెంజర్ పాఠం 17 ఏళ్ళకే మరుగున పడింది. 2003 జనవరి 16న కొలంబియా నౌక బయలుదేరినప్పుడు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దెబ్బ ఎంతో తెలుసుకోవడానికి నౌకను ఫోటోలు తీయించమని ఇంజనీర్లు కోరారు. పైవారు తీయించలేదు. రాడ్నీ రోచా అనే ఇంజనీరు ఆ నిర్ణయం తప్పని గట్టిగా ఒక ఉత్తరం కంప్యూటరులో రాశారు. అచ్చు తీసి పక్కనున్న సహోద్యోగికి చూపించారు. పైవారికి మాత్రం పంపలేదు. వరస దాటి పైకి పోవడం ఇష్టం లేకపోయిందని తరువాత చెప్పారు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా ఆకాశంలో కాలి ముక్కలైంది. పోయిన ఏడుగురిలో హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన మన కల్పనా చావ్లా ఒకరు. ఆ ఉత్తరం పంపి ఉంటే వారు బతికేవారని ఎవరూ చెప్పలేరు. కాని వరండాలో చూపించిన కాగితం బల్ల మీదికి రావాలన్నది మాత్రం నిశ్చయం.

పిల్లి మెడలో గంట కట్టేదెవరు అన్న సందేహం ఎప్పుడూ ఉంటుంది. దానికి కొంత నేర్పు అవసరం. మీటింగుకు ముందే సహోద్యోగి ఒకరితో మాట్లాడి తోడు చూసుకోండి. యాష్ పరీక్షలో ఒక్క తోడు ఎంత పని చేసిందో చూశాం. మనిషిని కాక పనిని గురించి మాట్లాడండి. 'మీరు పొరపాటు పడ్డారండీ' అనడానికీ, 'వానాకాలంలో ఈ వంతెన సంగతి ఏమిటండీ?' అనడానికీ చాలా తేడా ఉంది. మీకు తెలిసిందేదో, మీరు ఊహిస్తున్నదేదో విడదీసి చెప్పండి. విషయం పెద్దదైతే మీ మాటను మినిట్స్‌లో రాయమని మర్యాదగా కోరండి. పెద్దలను గౌరవించడమంటే వారి తప్పును చూస్తూ ఊరుకోవడం కాదు. ముందు గొయ్యి ఉందని తండ్రికి చెప్పని కొడుకును వినయవంతుడని ఎవరంటారు?

అలాగని ప్రతిదానికీ అడ్డుపుల్ల వేయడం ధైర్యమూ కాదు, సత్యమూ కాదు. సలహాను వినయంగా చెప్పాలే గాని మొండిగా పట్టుపట్టరాదని బెనెడిక్టు గారు అదే అధ్యాయంలో హెచ్చరించారు. వార్షికోత్సవానికి ఏ రంగు పరదా కట్టాలన్నది మనస్సాక్షి విషయం కాదు. అటువంటివాటిలో మన మాట నెగ్గకపోతే, నవ్వుతూ పదిమందితో కలిసి పని చేయాలి. వరండాలో రెండో మీటింగు పెట్టకూడదు.

కాని ఇతరుల ప్రాణానికో, పేదవాడి కూలికో, రోగి క్షేమానికో ముప్పు ఉన్నచోట ఓడిపోయాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. అది సంతకం పెట్టకపోవడం. ఆ జనవరి రాత్రి ఫ్లోరిడాలో ఉన్న థియోకోల్ కంపెనీ ప్రతినిధి అలన్ మెక్‌డొనాల్డ్ అనుమతి కాగితం మీద సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. యూటా నుండి మరొకరు పెట్టి పంపారు. తరువాత జరిగినదంతా విచారణలో బయటపెట్టినందుకు మెక్‌డొనాల్డ్‌ను కంపెనీ కింది పనికి దించింది. అమెరికా కాంగ్రెసు సభ్యులు గట్టిగా పట్టుబట్టిన తరువాతే తిరిగి తీసుకుంది. ఆ రాకెట్ కీళ్ళను కొత్తగా రూపొందించే పనికి ఆయననే పెద్దను చేశారు. 1988 సెప్టెంబరులో నౌకలు మళ్ళీ ఎగిరింది ఆ కొత్త కీళ్ళతోనే. బోయిస్జోలీకి అంత అదృష్టం లేదు. తోటివారే వెలివేసినట్టు చూడగా ఉద్యోగం వదులుకున్నారు. నిజం చెప్పినవారికి అన్నిసార్లూ మేలు జరుగుతుందని పిల్లలకు అబద్ధం చెప్పనవసరం లేదు. మనల్ని అడిగేది గెలిచావా అని కాదు, తెలిసింది చెప్పావా అని.

అసలు ఈ చదువు ఆఫీసులో మొదలయ్యేది కాదు, ఇంట్లో మొదలయ్యేది. పదవ తరగతి పాసైన పిల్లవాడు ఎంపీసీలో చేరాలా, బైపీసీలో చేరాలా అన్నది తండ్రీ, మేనమామా కూర్చొని తేల్చేస్తారు. చదవవలసినవాడు గుమ్మం పక్కన నిలబడి వింటాడు. 'పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో రాకు' అని వాడికి చిన్నప్పుడే నేర్పాం. రేపు వాడు ఇంజనీరో, నర్సో, ఉపాధ్యాయుడో అయి ఒక మీటింగులో కూర్చుంటాడు. మనం నేర్పిన మౌనాన్నే అక్కడా పాటిస్తాడు.

కనుక ఈ ఆదివారం పూజ ముగించుకొని వచ్చి భోజనాలకు కూర్చున్నప్పుడు, ఇంట్లో తీసుకోవలసిన నిర్ణయం ఏదైనా ఉంటే, అందరికంటే చిన్నవారిని ముందు అడిగి చూడండి. తల్లిదండ్రులు చివర మాట్లాడండి. నిర్ణయం మీదే కావచ్చు. వాళ్ళ మాట విన్న తరువాత తీసుకోండి.